బంతి తన్నని గోల్‌కీపర్

టాటానగర్ పక్కన పర్సుడీహ్‌లో ఉండే తెలుగువాళ్ళ ఫుట్‌బాల్ జట్టు ఏ సంఘంలోనూ నమోదైనది కాదు. అది ఆడే టోర్నమెంటూ అంతే. జుగ్సలాయి గోదాముల్లో బస్తాలు మోసేవాళ్ళ జట్టు, స్టేషన్ ఆటోవాళ్ళ జట్టు, ఆదిత్యపూర్ వర్క్‌షాపుల వాళ్ళవి మూడో నాలుగో, అందరూ కలిసి వానలు తగ్గాక మొదలుపెట్టి చలి ముదిరేదాకా ఆదివారాల్లో ఆడుకుంటారు. రిఫరీ పూట భోజనానికి వస్తాడు. పేపర్లో ఎవరి పేరూ పడదు. అయినా ఓడిన జట్టు మనిషి సోమవారం టీకొట్టు దగ్గర తల దించుకునే టీ తాగాలి.

ఆ జట్టుకి కోచ్, సెక్రటరీ, పెద్దమనిషి అన్నీ బంగార్రాజే. టాటానగర్‌లో రైల్వే ఉద్యోగం. డ్యూటీలో ఎవరిమీదా గొంతెత్తని మనిషి, మైదానంలో వేరే మనిషి. జట్టు ఓడిన రోజు అతని ఇంట్లో ఎవరూ టీవీ పెట్టరు.

అతని మేనకోడలు తనుశ్రీ. హిస్టరీలో బి.ఏ. చదివి, జుగ్సలాయిలో ఒక చీరల హోల్‌సేల్ కొట్లో బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చుంటోంది. ఆమె మైదానానికి వెళ్తే కుర్రాళ్ళు నీళ్ళ సీసాలు అందించమనేవారు. కిందటేడు జట్టు ఫేస్‌బుక్ పేజీ తన చేతికి తీసుకుని, ‘రాబోయే ప్రత్యర్థి’ అని పేరు పెట్టి, ప్రతి మ్యాచ్‌కి ముందు ఎదుటి జట్టు చరిత్ర రాయడం మొదలుపెట్టింది. రాసేది హిందీలోనే. జట్టు కుర్రాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. గోదాముల జట్టు మొదటి మ్యాచ్‌లో ప్రైజు గుమ్మడికాయ అనీ, ఆ గుమ్మడికాయ ఎవరింటికి వెళ్ళాలన్న దగ్గర ఇద్దరు అన్నదమ్ములు విడిపోతే ఆటోస్టాండు జట్టు పుట్టిందనీ ఆమె రాస్తే, ఆ రెండు జట్లవాళ్ళూ కూడా పంచుకుని నవ్వుకున్నారు. అప్పటినుంచి ఆమెను ఎవరూ నీళ్ళ సీసాలు అడగలేదు. “మేడమ్, హమారే బారే మే కబ్?” అని, తమ గురించి ఎప్పుడు రాస్తుందని అడిగేవారు.

తనుశ్రీకి ఒక నేర్పు ఉంది. ఎదుటివాళ్ళు చెప్పి ఆగినచోట తను మాట్లాడదు. మొహంలో మొహం పెట్టి ఊరుకుంటుంది. ఆ ఖాళీని భరించలేక వాళ్ళే ఇంకో మాట అంటారు. చాలాసార్లు ఆ ఇంకో మాటే అసలు మాట.

సెమీఫైనల్ ఆదిత్యపూర్ చందు మెమోరియల్ జట్టుతో పడింది. ఆ సంగతి తెలిసిన రోజు బంగార్రాజు తన అక్క, అంటే తనుశ్రీ తల్లి ఇంటికి భోజనానికి వచ్చాడు.

“ఏటే తనూ, ఆళ్ళ సంగతి నీకేటైనా తెల్సా?” అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

“ఇంకా లేదు మావయ్యా. చందు అంటే ఎవరో చనిపోయినవాడు. వాళ్ళ నాన్న ఆదిబాబుగారని, లేత్ మిషన్ మీద పనిచేస్తాడట. ఆయనే పెట్టాడు జట్టు.”

“ఆళ్ళ గోల్‌కీపర్ని సూసావా? అమర్‌గాడు. బంతి కాలితో తన్నడు. సేత్తో దొల్లించి పక్కోడికి ఇత్తాడు. ఎంత దూరమైనా అంతే. ఏల?”

“అదొక స్టైలేమో.”

“స్టైలు కాదు. భయం. దేనికి భయపడతన్నాడో కనుక్కో సూద్దాం.” అని, అక్క దేవి వడ్డించిన పులుసు కలుపుకుంటూ మెల్లగా అన్నాడు, “వచ్చే ఏడు కమిటీలో ఒక ఆడమనిషి ఉంటే బావుణ్ణు అనుకుంటన్నాను.”

*

ఆదిబాబు ఇల్లు ఖర్కాయి నది ఒడ్డుకి దగ్గర్లో, వర్క్‌షాపుల వెనక సందులో. గుమ్మంలోకి రాగానే గోడమీద చందు ఫోటో. పందొమ్మిదేళ్ళవాడు, ఎవరో పిలిస్తే అటు తిరిగి నవ్వినట్టున్నాడు. ఫోటోకి దండ లేదు. దండ వేస్తే ఇష్టం ఉండదని ఆదిబాబే చెప్పాడు. ఎవరికి ఇష్టం ఉండదో చెప్పలేదు.

మనిషి పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. తెలుగమ్మాయి తన జట్టు చరిత్ర రాయడానికి నదిదాటి వచ్చిందంటే అతనికి ఎంత సంబరమో దాచుకోలేకపోయాడు. కుర్చీ తుడిచి వేశాడు. భార్య వరహాలమ్మని పిలిచి టీ పెట్టమన్నాడు. చిన్నకొడుకు అమర్‌ని పిలిచి ఎదురుగా నిలబెట్టాడు.

“మా పెద్దోడు ఆడితే సూడాల్సిందే అమ్మా,” అన్నాడు. “ఎనిమిదేళ్ళ కింద, వానాకాలం. పైన డ్యాము గేట్లు ఎత్తీసినారు. మైదానం ఒడ్డునే కదా. బంతి ఏట్లో పడిపోయింది. దానికోసం దిగినాడు. ఆడికి ఈత వచ్చు. ఈత వచ్చునన్న ధైర్యంతోనే దిగినాడు.” ఫోటోకేసి చూశాడు. “నాను డ్యూటీలో ఉన్నాను. వచ్చీసరికి ఒడ్డంతా జనం. తర్వాత ఏటీ తోచలేదు నాకు. ఈ చిన్నోణ్ణి తీసుకెళ్ళి అదే మైదానంలో గోల్లో నిలబెట్టాను. ‘మీ అన్న పేరు నువ్వు నిలబెట్టాలిరా’ అన్నాను. ఆ సందులో పిల్లల్ని పోగేసాను. అదమ్మా మా జట్టు.”

“అమర్ బంతి కాలితో తన్నడు కదా బాబాయ్, ఎందుకలా?”

ఆదిబాబు కొడుకువైపు గర్వంగా చూశాడు. “ఆడి పద్ధతది. గాల్లోకి తంతే బంతి ఎవుడిదో తెల్దు. సేత్తో ఇత్తే మనోడిదే. నానే నేర్పినట్టు అనుకుంటారు అందరూ. నాను నేర్పలేదు. ఆడికాడే కనిపెట్టీసినాడు.”

“బస్, ఐసే హీ,” అన్నాడు అమర్. ఊరికే అలా అలవాటైందని. ఇక అక్కడ నిలబడలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

టీ కప్పులు లోపల పెట్టే నెపంతో తనుశ్రీ వంటింట్లోకి వెళ్ళింది. వరహాలమ్మ పీటమీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. సన్నటి మనిషి. మాట నెమ్మది.

“మీ అమ్మమ్మోళ్ళది ఏ ఊరమ్మా?”

“కవిటి దగ్గర పిన్నీ.”

“మాది సోంపేట. ఓలమ్మ, పక్కనే.” ఆ పక్కనే అన్న మాటతో ఆమె మొహం విప్పారింది. ఆ ఊళ్ళ గురించి, అక్కడి జీడితోటల గురించి అడిగింది. తనుశ్రీ పక్కన కూర్చుని తనూ చిక్కుళ్ళు తీసుకుంది. కూతుళ్ళు లేని ఇల్లు. వంటింట్లో ఇంకొక ఆడమనిషి కూర్చుని కూర ఒలిచి ఎన్నాళ్ళయిందో.

“అమర్ నాకు జవాబు చెప్పలేదు పిన్నీ. తన్నడు ఎందుకని అడిగితే వెళ్ళిపోయాడు.”

వరహాలమ్మ చేతులు ఆగాయి. తనుశ్రీ ఊరుకుంది. ముందు గదిలో ఆదిబాబు పాత ఫోటోల కోసం బీరువా వెతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఆ రోజు బంతి తన్నింది ఆడేనమ్మా,” అంది వరహాలమ్మ, చిక్కుళ్ళతోనే చెబుతున్నట్టు. “అన్న ఆడనివ్వలేదని ఉక్రోషం. చిన్న గుంటడు. కొత్త బంతిని ఏట్లోకి తన్నీసినాడు. పెద్దోడు నవ్వుకుంటా దిగినాడు. మిగతా గుంటలు అన్నాలకి ఎల్లిపోయినారు, ఈళ్ళని పిలవడానికి ఎల్లాను నాను. నా కళ్ళతో సూసాను.”

తనుశ్రీ ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది.

“మీ బాబాయికి తెల్దు. ఆ రోజుల్లో ఆయన కోపం నీకు తెల్దమ్మా. తెలిత్తే చిన్నోణ్ణి బతకనిచ్చీవోడు కాదు. ఒకణ్ణి ఏరు తీసుకెళ్ళింది. రెండోవాణ్ణి నా సేతుల్తో అప్పజెప్పాలా? ‘నువ్వు ఇంట్లోనే ఉన్నావు, మైదానానికి రానేలేదు’ అని ఆడికి సెప్పాను. అలాగే ఉండిపోయినాం. ఆడితో కూడా మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.” తల ఎత్తి తనుశ్రీ చేతిమీద చెయ్యి వేసింది. “ఎందుకు సెప్పాను నాను నీకు. ఇది రాయకమ్మా.”

“రాయను పిన్నీ,” అంది తనుశ్రీ. నిజంగానే అంది.

*

రాయలేదు. రాసినంతవరకు ఎంత బాగా రాసిందంటే, ఆదిత్యపూర్‌లో ఆదిబాబు ఫోన్లో అది పట్టుకుని వర్క్‌షాపు వర్క్‌షాపుకీ తిరిగి చూపించాడట. దండ లేని ఫోటో గురించి, నది ఒడ్డున పోగైన సందు పిల్లల గురించి, కొడుకు పేరు మీద ఇంకో కొడుకుని నిలబెట్టిన తండ్రి గురించి రాసింది. గోల్‌కీపర్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేసింది, ‘బంతిని గాలికి వదలడం అతనికి ఇష్టం ఉండదు’ అని.

బంగార్రాజు మర్నాడే వచ్చాడు. దేవి ఉప్మా పెట్టింది.

“సదివాను. ఏడుపొచ్చింది,” అన్నాడు. “ఇంతకీ గోల్‌కీపర్ సంగతి రాయలేదే.”

“అది రాయకూడదు మావయ్యా.”

“రాయకు. రాయమన్నానేటి?” అని ఉప్మా తినడంలో పడ్డాడు. ఇంకేమీ అడగలేదు. ఆమెవైపు చూడనుకూడా లేదు. మంచినీళ్ళు తాగాడు. మళ్ళీ తిన్నాడు.

తన విద్యే తనమీద నడుస్తోందని తనుశ్రీకి తెలియకపోలేదు. అయినా ఆ నిశ్శబ్దం ఆమెకి బరువుగానే ఉంది. తనకి మాత్రమే తెలిసిన మాట అది. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉన్న మనిషికి దొరకనిది తనకి చిక్కుళ్ళు ఒలిచినంతసేపట్లో దొరికింది. ఎవరికీ చెప్పకుండా ఉంటే తను దాన్ని సాధించినట్టు ఎవరికి తెలుస్తుంది?

“ఎవరికీ చెప్పనంటే చెప్తాను,” అంది.

“సెప్పనులే,” అని బంగార్రాజు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని విన్నాడు. విన్నంతసేపూ మొహంలో జాలి తప్ప ఇంకేమీ కనబడలేదు. చివర “పాపం ఆ తల్లి,” అన్నాడు. “నిన్ను కమిటీలో పెట్టకపోతే తప్పు నాదే అవుద్ది. మగోళ్ళకి ఒక్కడికీ రాదే ఈ పని.”

ఆ పొగడ్తకి తనుశ్రీ పగలంతా తేలిపోతూ చీరల బిల్లులు కొట్టింది.

*

మ్యాచ్ ఆదిత్యపూర్ మైదానంలోనే. ఒకపక్క ఖర్కాయి. వానలు పోయాయి కాబట్టి నీళ్ళు అడుక్కి దిగి రాళ్ళు బయటపడ్డాయి. ఆదిబాబు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. వరహాలమ్మ గీతకి అవతల కుర్రాళ్ళకోసం నిమ్మకాయ నీళ్ళు కలుపుతోంది. తనుశ్రీని చూసి చెయ్యి ఊపింది. తనుశ్రీ ఫోన్ పట్టుకుని పర్సుడీహ్ వాళ్ళ వైపు, బంగార్రాజు పక్కన నిలబడింది. వీడియో తీయాలి.

మొదట చందు మెమోరియల్ వాళ్ళే బాగా ఆడారు. అమర్ బంతి పట్టడం, పక్కవాడికి దొర్లించడం, వాడు ముందుకి తీసుకుపోవడం, అంతా దారంలా సాగింది. ఒక గోల్ కూడా కొట్టారు. ఆదిబాబు రెండు చేతులూ ఎత్తి, అందరూ చూస్తున్నారని మళ్ళీ దించేసుకున్నాడు.

అప్పుడు బంగార్రాజు బలరామ్‌కేసి తల ఆడించాడు. బలరామ్ జట్టుకి డ్రమ్ము కొట్టేవాడు, పెద్ద గొంతు. ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని తీరిగ్గా నడుచుకుంటూ అమర్ గోల్‌పోస్టు వెనక్కి వెళ్ళాడు. అదే సమయంలో పర్సుడీహ్ ఫార్వర్డ్‌లు ఇద్దరూ అమర్ పక్కనుండే డిఫెండర్లకి అతుక్కుపోయారు. ఇప్పుడు బంతి చేత్తో ఇవ్వడానికి దగ్గర్లో మనిషి లేడు. తన్నాల్సిందే.

అమర్ బంతి పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

“తన్నరా అమర్,” అన్నాడు బలరామ్ వెనకనుంచి తెలుగులో, ఎంతో ఆప్యాయంగా. “ఈసారి బంతి తేడానికి ఎవులెల్తారు?”

తనుశ్రీకి ముందు అర్థం కాలేదు. బలరామ్ అదే మాట మళ్ళీ అన్నాక వీడియో ఆపేసింది.

అమర్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు చూసినవాళ్ళకి ఇక చెప్పనక్కర్లేదు, మాట సరిగ్గా తగిలిందని. బంతి చేతుల్లోనే ఉండిపోయింది. రిఫరీ విజిల్ వేసి, ఎక్కువసేపు పట్టుకున్నాడని ఫౌల్ ఇచ్చాడు. గోల్‌పోస్టు దగ్గరే ఫ్రీకిక్. పర్సుడీహ్ సమం చేసింది.

“అన్న ఉంటే తెచ్చీవోడు,” అన్నాడు బలరామ్. “తన్నింది తమ్ముడు, దిగింది అన్న. ఏరా, అంతే కదేటి?”

ఆ మాటల్లో సగం ఆదిబాబుకి వినపడ్డాయి. మొహం చిట్లించుకుని గీత వెంబడి గబగబా నడిచి బంగార్రాజు దగ్గరికి వచ్చాడు. వయసులో ఇద్దరూ ఒకటే. చేతులు రెండూ జోడించినట్టే పెట్టి అన్నాడు, “బంగార్రాజుగారూ, మీవోళ్ళకి కాస్త సెప్పండి. ఆట ఆటే. సచ్చిపోయినోణ్ణి లాగడమేటి? మన తెలుగోళ్ళమే కదా.”

“మావయ్యా, వద్దు,” అంది తనుశ్రీ. అతని మోచెయ్యి పట్టుకుంది.

బంగార్రాజు మైదానం మీదనుంచి చూపు తిప్పలేదు. “నన్నడగతావేటి ఆదిబాబూ. ఆళ్ళు అబద్ధం సెప్తన్నారా? ఆ రోజు బంతి తన్నింది ఎవులో మీ ఇంటావిణ్ణే అడుగు.”

ఆదిబాబు తనుశ్రీవైపు ఒక్కసారి చూసి, మైదానం చుట్టూ తిరిగి వెళ్ళాల్సినవాడు మధ్యలోంచే నడిచాడు. ఆట నడుస్తోంది. కుర్రాళ్ళు తప్పుకున్నారు. రిఫరీ అరిచాడు. అతను అవతలి గీత దాటి వరహాలమ్మ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

ఏమడిగాడో ఇవతలికి వినపడలేదు. వరహాలమ్మ చేతిలో గరిటె ఉంది. అతని మొహంలోకి చూసింది, అతని భుజం మీదుగా గోల్లో ఉన్న కొడుకుని చూసింది. తల ఊపింది. ఊపి, ఆ తల మళ్ళీ ఎత్తలేదు.

గోల్‌పోస్టులో అమర్ ఇదంతా చూస్తున్నాడు. అతని చేతులు పక్కకి వేలాడుతున్నాయి. పర్సుడీహ్ కుర్రాడొకడు దూరంనుంచి ఊరికే కొట్టిన బంతి అతని పక్కనుంచి దొర్లుకుంటూ లోపలికి వెళ్ళింది. అతను వంగనైనా లేదు. ఆ తర్వాత ఇంకోటి. ఇంకోటి. అతని జట్టు కుర్రాళ్ళే వచ్చి “భయ్యా, క్యా హువా?” అని భుజాలు పట్టి ఊపారు. బలరామ్ వాళ్ళు ఇక ఏమీ అనలేదు. అవసరం లేకపోయింది. డ్రమ్ము తెచ్చుకుని కొట్టారు.

*

“నువ్వు ఎవరికీ చెప్పనన్నావు,” అంది తనుశ్రీ ఆ సాయంత్రం. బంగార్రాజు ఇంట్లో పకోడీలు వేయిస్తున్నారు. కుర్రాళ్ళు వాకిట్లో పాటలు పెట్టుకున్నారు.

“బయటోళ్ళకి సెప్పలేదు కదా. మనోళ్ళకే సెప్పాను.” అతనికి కోపం కూడా రాలేదు. “నువ్వేల ఏడుత్తన్నావు? చరిత్ర కనుక్కొచ్చింది నువ్వు. గెలిచింది నీవల్ల. ఆ మాట అందరి ముందూ సెప్దామనే ఉన్నాను.”

“ఆ పిన్ని నన్ను నమ్మి చెప్పింది.”

“నాను నిన్ను నమ్మే పంపాను. ఎవుల మనిషివి నువ్వు? ఆ ఇంటిదానివా, మా జట్టుదానివా?” కొంచెం ఆగి, పకోడీల పళ్ళెం ఆమె ముందుకి జరిపాడు. “ఆ ఆదిబాబు గొడవకి బాధపడకు. నాలుగు రోజులు పోతే సద్దుకుంటారు. ఇంట్లో మాట ఇంట్లో తేలిపోడమే మేలు. ఫైనల్లో ఆటోస్టాండోళ్ళు తగుల్తారు. ఆళ్ళ సెంటర్‌ఫార్వర్డు పెళ్ళాన్ని ఒగ్గీసినాడంట. కనుక్కో.”

ఆమె ఇక తను రాయనని చెప్పి, పేజీ పాస్‌వర్డ్ బలరామ్‌కి పంపించేసింది. అంతకంటే చేయగలిగింది ఆమెకి తోచలేదు. బలరామ్ రాసిన దానికి ఆమె రాసినదానికంటే ఎక్కువ లైకులు వచ్చాయి.

*

ఆదిత్యపూర్ వెళ్ళడానికి ఆమెకి ధైర్యం చిక్కేసరికి చలి బాగా ముదిరింది. జట్టు చెదిరిపోయిందని ఈలోగా తెలిసింది. అమర్ ఎక్కడో దూరాన కళింగనగర్‌లో కాంట్రాక్టు పనికి వెళ్ళిపోయాడట. వెళ్ళేరోజు తండ్రి స్టేషన్‌కి వచ్చి, బండి కదిలేదాకా కొడుకు చెయ్యి పట్టుకునే ఉన్నాడని, ఒక్క మాట అనలేదని ఆటోవాడెవరో చెప్పాడు. దానికి ఆమె ప్రాణం కుదుటపడింది. అయితే మావయ్య అన్నట్టే సర్దుకున్నారేమో అనుకుంది.

తలుపు తీసింది ఆదిబాబే. “రా అమ్మా, కూకో,” అన్నాడు. ఎప్పటిలాగే కుర్చీ తుడిచి వేశాడు.

“బాబాయ్, నేను చెప్పకుండా ఉండాల్సింది. పిన్ని నాకు...”

“నువ్వేటి తప్పు సేసావు? నాను నీ మేలు మర్సిపోను.” అతని గొంతులో వెటకారం లేదు. ఆమె వెతికింది, లేదు. “నువ్వు సెప్పబట్టి తెల్సింది. నేకపోతే నాను సచ్చీదాకా ఆణ్ణి ఆ గోల్లో నిలబెట్టీసి ఉందును. రోజూ పొద్దున్నే లేపీవోణ్ణి తల్లీ. ‘లేరా, మీ అన్న పేరు నిలబెట్టాల’ అని. ఆ ఒడ్డునే. ఆ బంతి ముందే. ఆడు ఒక్కనాడు రాననలేదు. జొరమొచ్చినా వచ్చీవోడు. నాకు తెల్దు. తెలిసినోళ్ళు ఇంట్లో ఉన్నారు. తెలిసినోళ్ళు మా ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చి, గుమ్మంలో నిలబడి సాగనంపీవోరు.”

వంటింటి గుమ్మంలో వరహాలమ్మ రెండు కప్పులు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకా సన్నబడింది. అదంతా విన్నది. లోపలికి రాలేదు, వెనక్కీ వెళ్ళలేదు.

“అక్కడ బల్లమీద పెట్టమని సెప్పమ్మా,” అన్నాడు ఆదిబాబు, తనుశ్రీతో.

తనుశ్రీ ఇద్దర్నీ చూసింది. మూడడుగుల దూరం. వరహాలమ్మ కప్పులు పట్టుకుని ఎదురుచూస్తోంది. పెట్టడంలేదు.

“పిన్నీ,” అంది తనుశ్రీ. “బల్లమీద పెట్టమంటున్నారు.”

అప్పుడు పెట్టింది. పెట్టి, కొంగు చేతికి చుట్టుకుంటూ తనుశ్రీకేసి ఒక అడుగు వేసింది. ఆత్రంగా, గుసగుసగా అడిగింది. “అమ్మా, అమర్‌గాడు ఫోన్ సేసాడేమో అడుగు. నా ఫోన్‌కి సెయ్యడు ఆడు.”

“బాబాయ్, అమర్ ఫోన్ చేశాడా అని...”

“సేసాడని సెప్పు.”

“చేశాడట పిన్నీ.”

“అన్నం తింటన్నాడా?”

తనుశ్రీ అటు తిరిగి అడిగింది. మెస్సు ఉందని ఆదిబాబు చెప్పాడు. ఇటు తిరిగి చెప్పింది. చలికి దుప్పటి పట్టుకెళ్ళాడా అని వరహాలమ్మ అడిగించింది. కొనుక్కుంటాడని చెప్పించాడు. రేషను బియ్యం ఎప్పుడు తేవాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, సోంపేటలో అన్నగారి మనవరాలి అన్నప్రాసనకి వెళ్ళనిస్తాడా లేదా. మనిషి దొరికింది కదా అని ఆమె ఇన్నాళ్ళవీ ఒకదాని వెనక ఒకటి తీస్తోంది. ఆదిబాబు ప్రతిదానికీ మర్యాదగా, తనుశ్రీ కళ్ళలోకి చూస్తూ జవాబిచ్చాడు. అన్నప్రాసనకి మాత్రం, “ఎల్లమను. ఎల్లి అక్కడే ఉండిపోయినా నాకేటీ అభ్యంతరం లేదని సెప్పు,” అన్నాడు.

తనుశ్రీ బల్లమీది కప్పుకేసి చూసింది.

“సెప్పమ్మా,” అన్నాడు ఆదిబాబు నెమ్మదిగా. “సెప్పడం నీకు కొత్తేటి కాదు కదా.”

వరహాలమ్మ ఆమె మొహం వైపే చూస్తోంది. విన్నమాటే మళ్ళీ వినాలని నిలబడి ఉంది.

“వెళ్ళమంటున్నారు పిన్నీ,” అంది తనుశ్రీ. “అక్కడే... అక్కడే ఉండిపోయినా అభ్యంతరం లేదట.”

“సరేనని సెప్పు,” అంది వరహాలమ్మ.

టీ చల్లారిపోయింది. తనుశ్రీ లేచి, ఇక వెళ్తానంది. వరహాలమ్మ సందు చివరిదాకా వెనకే వచ్చింది. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఆడితే బాగుండుననిపించింది తనుశ్రీకి. ఆటో ఎక్కబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

“వచ్చే ఆదివారం వత్తావా అమ్మా? ఒక్క గంట. నువ్వుంటే ఆయన మాటాడతన్నాడు.”

వస్తానంది తనుశ్రీ.

ఆ ఆదివారం వెళ్ళలేదు. తర్వాత ఆదివారమూ వెళ్ళలేదు. ఎండలు మొదలయ్యాక వరహాలమ్మ ఒక సంచీతో సోంపేట వెళ్ళిపోయిందని జుగ్సలాయి కొట్లో చీర కొనడానికి వచ్చిన ఆదిత్యపూర్ ఆవిడెవరో మాటల్లో చెప్పింది. తనుశ్రీ ఆ చీర మడతపెట్టి, బిల్లు కొట్టి, కవర్లో వేసి ఇచ్చింది.